పారమ్మ పేరున పొగ

మనిషి సిగరెట్ మానేస్తే ఆ అలవాటు ఇంట్లో మరొకరి పేరుకు మారాలి కాబట్టి, సన్నాయి జోగులు ఆ సోమవారం భార్య దాలమ్మను వెంటబెట్టుకుని గెడ్డవానిపాలెం పొగ మాన్పు కార్యాలయానికి వెళ్ళాడు. ఇందులో వింతేమీ లేదు. కరెంటు మీటరు పేరు మార్చుకోవడానికి జనం ఒక ఆఫీసుకు వెళ్తారు, పొగ పేరు మార్చుకోవడానికి ఇంకో ఆఫీసుకు వెళ్తారు. మీటరాఫీసు కంటే ఇక్కడ కుర్చీలు మెరుగు. ఫ్యాన్లు తిరుగుతాయి. లోపలున్నవాళ్ళు తలెత్తి చూసి మాట్లాడతారు.

అలవాటు చావదు. ఈ సంగతి ప్రభుత్వం చాలాకాలం కిందటే గ్రహించింది. ఒక నోట్లోంచి తరిమేస్తే అది వీధిలో నిలబడదు. తరిమిన కుక్కలాగే తిరిగి తిరిగి ఆ ఇంటికే వచ్చి, తెరిచి ఉన్న నోరు చూసుకుని దూరుతుంది. పూర్వం ఎవరిష్టం వారిదిగా ఉన్న రోజుల్లో, మగవాడు పొద్దున్నే బీడీకట్ట గెడ్డ నీళ్ళలోకి విసిరేసి ‘మానేశాను’ అని వీధంతా చాటేవాడు. మధ్యాహ్నానికి వంటింట్లో ఎవరో దగ్గడం మొదలెట్టేవారు. ఎవరి దగ్గు ఎవరు దగ్గుతున్నారో తేలేది కాదు. ఆ అరాచకం పోగొట్టడానికే కార్యాలయం వెలిసింది.

ఇప్పుడు అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది. మానేవాడూ, పుచ్చుకునే మనిషీ అధికారి ముందు కూర్చుంటారు. మానేవాడు ఆఖరి సిగరెట్ వెలిగించి, సగం తాగి, బల్ల మీది సత్తుపళ్ళెంలో పెడతాడు. పుచ్చుకునే మనిషి తన చేత్తో దాన్ని ఆర్పాలి. నిప్పు ఆర్పిన చెయ్యి ఎవరిదో, ఆ క్షణం నుంచి అలవాటు వారిది. వాళ్ళు మళ్ళీ ఏమీ వెలిగించుకోనక్కర్లేదు. లోపల దానంతటదే కాలుతుంది.

ఆఫీసు గోడ మీద ‘విజయానికి కారణాలు’ అని పెద్ద బోర్డు ఉంది. గట్టి సంకల్పం, టీకొట్టుకు దూరం, మంచి స్నేహాలు, కుటుంబ సహకారం అని దాని మీద రాసి ఉంటుంది. మొదటి మూడూ చదువుకోవడానికి, నాలుగోది వాడుకోవడానికి. ఒంటరివాళ్ళకు మానడం కష్టమని పుస్తకాల్లోనూ ఉంది. హాస్టలు కుర్రాళ్ళూ లాడ్జి గుమస్తాలూ ఎంత సంకల్పంతో వచ్చినా అధికారి విచారంగా తల ఊపి పంపేస్తుంది. అందుకే ఆఫీసుకు ఎదురుగా పెళ్ళి సంబంధాల ఏజెంటు ఒకాయన గది తెరిచాడు. బాగానే సాగుతోంది.

జోగులు కష్టం మామూలుది కాదు. అతని బతుకే ఊపిరి. పెళ్ళిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అనగానే సన్నాయీ డోలూ ఒక్కసారి హోరెత్తాలి. ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, నోరు జారినా, ఆ అశుభం ఎవరి చెవినా పడకూడదు. మేళం ఉన్నది అందుకే. పోయిన మాఘమాసంలో ఒక పెద్దింటి పెళ్ళిలో సరిగ్గా ఆ క్షణానికి జోగులు ఊపిరి తెగిపోయింది. డోలు వాయించే ఎల్లాజీ కూడా బిత్తరపోయి పుల్ల ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో పెళ్ళికూతురి మేనత్త పక్కావిడ చెవిలో చెబుతున్న మాట మండపమంతా వినబడింది.

“పిల్లకి ఈ సమందం ఇష్టం నేదట.”

పెళ్ళి ఆగలేదు. అలాంటి వాటికి పెళ్ళిళ్ళు ఆగవు. కానీ తప్పు జోగులుదయింది. ఒప్పుకున్న మేళాలు ఒక్కొక్కటే వేరేవాళ్ళకు పోయాయి. ఎల్లాజీ మంచివాడు కాబట్టి వదిలిపోలేదు. “ఊపిరి తెచ్చుకో బావా, డోలు ఎక్కడికీ పోదు” అన్నాడు.

జోగులుకు హైమ అని పదోతరగతి చదివే కూతురుంది. ఆడపిల్ల సన్నాయి ఊదడమేమిటని ఊరు నోళ్ళు నొక్కుకుంటున్నా జోగులు దానికి చిన్నప్పటి నుంచీ నేర్పాడు. ఆ పిల్ల ఒక్క ఊపిరిలో పట్టిన స్వరం వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, గెడ్డ దాటి, ఇంకా మిగిలేది. ఈ ఒక్క విషయంలో జోగులుకు గర్వం. తన తండ్రికీ తనకూ దక్కని ఊపిరి అది. వచ్చే ముహూర్తాల్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించాలని ఆశపడుతున్నాడు.

ఆఫీసులో అధికారి నీరజాక్షి గారు వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమెది వేరే జిల్లా. కొత్తగా వచ్చింది. గొంతు మెత్తన.

“ఎవరి పేరుకు మారుస్తున్నారండీ?”

“మా ఇంటిదాని పేరునేనండి.”

“ఆమెకు సమ్మతమేనా?”

“సమ్మతమేనండి” అన్నాడు జోగులు.

దాలమ్మ ధ్యాసంతా పొయ్యి మీద వదిలి వచ్చిన పప్పు మీద ఉంది. ఇది తొందరగా తెమిలితే ఇంటికి పోవచ్చు. నీరజాక్షి గారు గొట్టం చెవులకు పెట్టుకుని దాలమ్మ వీపు మీద అక్కడా ఇక్కడా ఆనించి విన్నది. మళ్ళీ విన్నది. గొట్టం తీసేసింది.

“ఇక్కడ ఖాళీ లేదండీ.”

“ఖాళీ నేదంటే?”

“ఈమె మీద ఇప్పటికే రెండున్నాయి. ఒకటి బీడీ, బాగా పాతది. నాన్నగారిదై ఉంటుంది. రెండోది సిగరెట్. అన్నగారిదా?”

“తమ్ముడిదండి” అంది దాలమ్మ. “ఆడికి పోలీసు సెలక్షన్లొచ్చినాయి. పరిగెట్టాలి కదా.”

జోగులు నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళుగా భార్య దగ్గు కట్టెపొయ్యి వల్ల అనుకున్నాడు. ఆ దగ్గు పోతుందనే గ్యాసు పొయ్యి కూడా తెచ్చాడు. గ్యాసొచ్చినా దగ్గు పోకపోతే గ్యాసు మంచిది కాదని ఆ కంపెనీని తిట్టుకున్నాడు.

“నాకెప్పుడూ సెప్పనేదేటి?”

“నువ్వెప్పుడడిగినావు?”

మొదట అతనికి కలిగింది జాలి కాదు. మోసపోయానన్న బాధ. కట్టుకున్నవాడికి దక్కాల్సిన చోటు పుట్టింటివాళ్ళు ముందే వాడేసుకుని, నిండిపోయిన పిల్లను అంటగట్టారు. పెళ్ళిచూపుల్లో పాట పాడించారు, నడిపించారు, ఊపిరి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నీరజాక్షి గారు అతని ముఖం చూసి ఊరడించింది. ఈ జిల్లాలో పెళ్ళయిన ఆడవాళ్ళలో ఖాళీ దొరకడం అరుదేనని చెప్పింది.

“ఇంట్లో ఇంకెవరున్నారు?”

“పాప ఉందండి.”

“ఎంత వయసు?”

“పదోతరగతి.”

ఆమె ముఖం వికసించింది. “అయితే ఇబ్బందే లేదు. పిల్లల ఊపిరితిత్తులు మెత్తగా ఉంటాయి, బాగా సర్దుకుంటుంది. మా దగ్గర పిల్లలకు మార్చినవాళ్ళలో మళ్ళీ సిగరెట్ ముట్టినవాళ్ళే లేరు.”

జోగులు లేచిన విసురుకు కుర్చీ వెనక్కు పడిపోయింది.

“దాని జోలికి రాకండి తల్లీ. దాని ఊపిరి దానికి గావాల. నాను సచ్చినా సరే, అది మాత్రం వద్దు.”

నీరజాక్షి గారు నొచ్చుకోలేదు. “మొదట అందరూ అలాగే అంటారండీ” అని మెత్తగా చెప్పి, పడిన కుర్చీ తనే లేవనెత్తింది.

ఇక ఇంట్లో మిగిలింది జోగులు తల్లి పారమ్మ. అయితే పొగ తాగేవాళ్ళ పేరుకు పొగ మార్చకూడదని నియమం. పారమ్మకు చుట్ట లేనిదే తెల్లారదు. అదీ మామూలుగా కాదు, అడ్డపొగ. ఆ సముద్రపు ఒడ్డున పాతతరం ఆడవాళ్ళందరూ చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. గాలికి ఆరదు, వానకు తడవదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. జోగులు ఇదంతా వివరించబోయాడు. నీరజాక్షి గారు విని, అర్థం కాక, తానే వచ్చి చూస్తానంది.

ఆమె వచ్చేసరికి పారమ్మ అరుగు మీద కూర్చుని చేపలు తోముతోంది. పెదాల మధ్య చుట్ట కొస ఆడుతోంది.

“నోట్లో ఏంటమ్మా అది?”

“సుట్ట.”

“వెలుగుతోందా?”

“ఎలక్కపోతే సుట్టెందుకు?”

“నిప్పు కనబడట్లేదే!”

“నోరు మూసుకుంటే నిప్పెలా కనబడతాది తల్లీ?”

నీరజాక్షి గారు వంగి ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూసింది. నిప్పు లేందే పొగ రాదని లోకం అంటుంది. ఆఫీసు మాత్రం నిప్పు కనబడందే పొగ లేదంటుంది. వెలిగే కొస కళ్ళకు కనబడితేనే ఆ మనిషి పొగ తాగినట్టు. నియమం రాసిన పెద్దలు రాజధానిలో ఉంటారు, వాళ్ళ నోళ్ళలో నిప్పు ఎప్పుడూ బయటే ఉండేది. చుట్ట వెనక కొస నుంచి పొగ వస్తోంది కదా అని తోడొచ్చిన ఎల్లాజీ అడగబోతే, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళ నోట్లోంచీ పొగ వస్తుందని ఆమె తేల్చేసింది. పారమ్మ పొగ తాగదు. గొట్టం పెట్టి వినాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఈ వయసులో పొగ తాగనివాళ్ళకు ఖాళీ ఉన్నట్టేనని నియమం.

జోగులు తల్లి వైపు చూశాడు. పారమ్మ చేపల నీళ్ళు వీధిలోకి పారబోసి, చేతులు తుడుచుకుంది.

“ఎలాగూ కాల్తన్నాదే. ఈ మంటలో ఇంకో పుల్ల. నాకే ఇచ్చెయ్యండి. ఆ గుంట హైమ జోలికి మాత్రం ఎవులూ పోకండి.”

మర్నాడు ఆఫీసులో జోగులు ఆఖరి సిగరెట్ సగం తాగి పళ్ళెంలో పెట్టాడు. పారమ్మ బొటనవేలితో దాన్ని నలిపేసింది. ఇంటికి నడిచి వస్తుండగానే జోగులు ఛాతీలో కిటికీలు తెరుచుకున్నట్టయింది. ఆ వారం ఒక పెళ్ళిలో అతను పట్టిన స్వరం తాళి మూడు ముళ్ళూ పడి, తలంబ్రాలు పోసి, బంధువులు భోజనాలకు లేచేదాకా తెగలేదు. విన్నవాళ్ళు విస్తుపోయారు. పోయిన మేళాలన్నీ తిరిగి వచ్చాయి.

ఇలాంటివి ఊళ్ళో దాగవు. పొగ మానాలని ఉండి, ఇంట్లో చోటు లేక తిరుగుతున్న మగవాళ్ళు జోగులు అరుగు చుట్టూ మూగారు. అలవాటు కుటుంబంలోనే మారాలని నియమం. గెడ్డవానిపాలెంలో అదొక అడ్డంకి కాదు. అక్కడ పేరు పెట్టి పిలిస్తే తప్పు. ప్రతివాడికీ ప్రతివాళ్ళతో ఏదో ఒక వరస ఉంటుంది. వరస లేకపోతే ఆ సాయంత్రానికి కలుపుకుంటారు.

“ఈమె మీకేమవుతారు?” అని నీరజాక్షి గారు అడిగేది.

“పెద్దమ్మండి” అనేవాడు బస్సు డ్రైవరు. “అత్తండి” అనేవాడు ఐసుఫ్యాక్టరీ మేస్త్రీ. “మా అప్పండి” అనేవాడు హైస్కూలు హెడ్మాస్టరు.

“ఈయన మీకేమవుతారమ్మా?” అని ఆమె పారమ్మను కూడా అడిగేది.

“కొడుకు వరస”, “అల్లుడి వరస”, “తమ్ముడి వరస” అనేది పారమ్మ, పెదాలు విప్పకుండానే.

అందులో అబద్ధం లేదు. ‘పెద్దమ్మా’ అని పిలిచినవాణ్ణి కాదు పొమ్మంటే వరస తప్పినట్టు. ఆమె బతుకంతా వరస తప్పలేదు. పైగా చుట్టూ ఎవరి అలవాటుకు చోటు దొరక్కపోయినా చివరికి ఎవరో ఒకరు ఏ పసిదాని వైపో చూస్తారని ఆమెకు తెలుసు. బొటనవేలు నల్లబడింది. ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని తన ఉద్యోగ జీవితంలో చూడలేదని నీరజాక్షి గారు పై ఆఫీసుకు రాసి, మనసారా సంతోషించింది.

ఊరు మారిపోయింది. టీకొట్ల దగ్గర గాలి తేటబడింది. మగవాళ్ళు పొద్దున్నే సముద్రం ఒడ్డున పరుగులు తీశారు. హెడ్మాస్టరు ప్రార్థన సమయంలో ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు మొదలెట్టాడు. సాయంత్రం అరుగు ముందు నుంచి పోతూ అందరూ పారమ్మను ప్రేమగా పలకరించేవారు. ఆమె తల మాత్రం ఊపేది. మాటలు బాగా తగ్గిపోయాయి.

ఇంట్లో సంగతి వేరు. పారమ్మ అన్నం మానేసింది. చద్దిగంజి ఒక్కటే, అదీ ఎంత చల్లగా ఇచ్చినా గొంతులోకి వేడివేడిగా దిగేదట. ఒకనాడు తోచక నాలుగు బియ్యం గింజలు నోట్లో వేసుకుంటే పేలాలయి వచ్చాయి. ఆమె చెంపలు సంజవేళ లోపల్నుంచి ఎర్రగా కనబడేవి. వీధిలోవాళ్ళు దాన్ని కళ అన్నారు, పొగ తాగని మనిషి మొహం చూడండి ఎలా వెలుగుతోందో అన్నారు. దాలమ్మ మాత్రం అత్తగారి పక్కన చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమెకు తెలుసు కదా, లోపల కాలడం ఎలా ఉంటుందో.

హైమ చూడలేకపోయింది. కుండలోని నీళ్ళు చెంబుతో ముంచి తెచ్చింది.

“మామ్మా, నోరు తియ్యి. గుక్కెడు పోత్తాను.”

పారమ్మ ఆ చెయ్యి పట్టుకుని దూరంగా నెట్టింది. అంత మంటలోనూ ఆ పట్టు ఇనుముదే.

“వద్దే గుంటా. నీల్లు పోత్తే ఆరిపోతాది. ఆర్పిన సెయ్యి ఎవులదో నీకు తెల్దా? గంజైతే నాను తాగుతాను, నా సేత్తోనే తాగుతాను. నా నోట్లో నువ్వెప్పుడూ నీల్లు పొయ్యకు.”

గుమ్మంలో సన్నాయికి ఊదే రెల్లు పీక సరిచేసుకుంటున్న జోగులు ఈ మాటలు విన్నాడు. పీక సరిచేయడం ఆపలేదు.

గెడ్డవానిపాలెంలో మానిన ప్రతి మనిషీ నిలకడగా ఉన్నాడన్న వార్త రాజధాని చేరింది. విజయానికి ఏయే అంశాలు దోహదం చేశాయో తేల్చడానికి ఒక బృందం దిగింది. వాళ్ళు సముద్రపు గాలిని పరీక్షించారు, ఎండుచేపలు తిని చూశారు, జోగులు సన్నాయి విని సంగీతం మనసును స్థిమితపరుస్తుందని రాసుకున్నారు. కుటుంబ విలువల మీద ఒక అధ్యాయమే రాశారు. అరుగు మీద పారమ్మతో ఫొటోలు దిగారు. ఆమె నోరు తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు. పెద్దావిడను నోరు తెరవమనడం మర్యాద కాదు.

ఆఖరికి కల్యాణమండపంలో సన్మానసభ పెట్టారు. రాజధాని నుంచి కమిషనరుగారు స్వయంగా వచ్చారు. పొగ మానిన మగవాళ్ళంతా ఇస్త్రీ బట్టల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక కూర్చుని వంతులవారీగా దగ్గుతున్నారు. వేదిక పక్కన మంగళవాద్యం. జోగులు, ఎల్లాజీ, వాళ్ళ మధ్య మొదటిసారి నలుగురి ముందుకు వచ్చిన హైమ. కొత్త పరికిణీ వేసుకుంది. తండ్రి చెయ్యి చూపగానే సన్నాయి అందుకుంది. ఆ స్వరం లేచిన తీరుకు కమిషనరుగారు మాట్లాడుతున్న మాట ఆపి అటు చూశారు. జోగులు కళ్ళు చెమర్చాయి. ఇంతకంటే ఏం కావాలనుకున్నాడు.

పారమ్మకు శాలువా కప్పారు. దండ వేశారు. కమిషనరుగారు మైకు ఆమె ముందుకు జరిపారు.

“రెండు మాటలు చెప్పండమ్మా.”

పారమ్మ తల అడ్డంగా ఊపింది.

“బిడియపడకండి. ఈ విజయ రహస్యం మీ నోటితోనే వినాలి.”

ఆమె పెదాలు ఇంకా బిగించింది. కళ్ళతో కొడుకును వెతికింది. సభంతా ఎదురుచూస్తోంది. పెద్దవాళ్ళు నిలబడి ఉండగా తల్లి మొండితనం జోగులుకు తలవంపులుగా అనిపించింది. వేదిక పక్క నుంచి కసిరాడు.

“సెప్పే అమ్మా! అంతటోరు అడుగుతన్నారు కదా!”

కొడుకు మాట ఆమె ఎన్నడూ తీసేయలేదు. నోరు తెరిచింది.

లోపల అంగిలి లేదు, నాలుక లేదు, పళ్ళు లేవు. లోపలంతా నిప్పు. ఊరి మగవాళ్ళ నిప్పంతా అక్కడ ఉంది, బీడీ బీడీగా, చుట్ట చుట్టగా, సిగరెట్ సిగరెట్‌గా, ఒకదాని పక్కన ఒకటి కణకణమంటోంది. గాలి తగలగానే మరింత రాజుకుంది. ఆ వేడికి మెడలో దండ వాడిపోయింది. మైకు నుంచి చిటచిట శబ్దం మండపమంతా వినబడింది.

ఎవరూ కదల్లేదు. ఆ నిప్పులో ఎవరిది వారు గుర్తుపట్టారు. బస్సు డ్రైవరు తన బ్రాండు తాను గుర్తుపట్టి చూపు దించుకున్నాడు. హెడ్మాస్టరు చొక్కా గుండీలు సర్దుకున్నాడు. ఇంతకాలం తెలియదా అంటే తెలుసు. తెలిసింది కళ్ళబడడమే వాళ్ళకు దెబ్బ.

ముందుగా తేరుకున్నది నీరజాక్షి గారు. ఉద్యోగం అలాంటిది. ఆమె కమిషనరుగారి పక్కకు వెళ్ళి మెల్లగా చెప్పినా మైకు తెరిచే ఉంది.

“నిప్పు కనబడింది సార్. అంటే ఈమె పొగ తాగే మనిషి. ఈమె పేరుకు మార్చినవేవీ చెల్లవు. వేరే చెయ్యి పుచ్చుకోకపోతే సాయంత్రంలోగా ఎవరివి వాళ్ళకు తిరిగి వెళ్ళిపోతాయి.”

ముందు వరసల్లో చేతులు జేబులు తడుముకున్నాయి. జోగులు ఛాతీలో ఒక కిటికీ మూసుకున్నట్టయింది.

“నీల్లు” అంది పారమ్మ. ఆ ఒక్కమాటకే నిప్పురవ్వలు శాలువా మీద పడ్డాయి. “ఓలమ్మా, కొంచెం నీల్లు.”

వేదిక మీద పారమ్మకు తప్ప అందరి ముందూ నీళ్ళ సీసాలున్నాయి. ఒక్కరూ ఇవ్వలేదు. ఎవరి సీసా వాళ్ళు నెమ్మదిగా తమ వైపు లాక్కున్నారు. ఆ ముసలామెకు చెప్పుకుంటే వంద మంది కొడుకులు. ఊళ్ళో ఎవరిని అడిగినా పెద్దమ్మ అనీ అత్త అనీ అప్ప అనీ వరస చెబుతారు. ఆ సంగతి అందరికీ గుర్తుంది. అయినా ఆర్పిన చెయ్యి తనదవుతుందేమోనని ప్రతివాడూ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తలుచుకుంటే సిగ్గుతో చావాల్సిన క్షణం అది. ఎవరూ చావలేదు.

హైమ సన్నాయిని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టింది. లేచింది.

వెనక వరసల్లోంచి దాలమ్మ పరిగెత్తింది. “వద్దే హైమా! ఒలే, వద్దే—” అని అరవబోయింది. తండ్రి బీడీ, తమ్ముడి సిగరెట్ ఒకేసారి గొంతుకు అడ్డం పడ్డాయి. దగ్గు తెరలో ఆమె నడుం వంగిపోయి, కుర్చీల మధ్య కూలబడింది.

హైమ జోగులు ముందు నుంచే వెళ్ళాలి. పరికిణీ అంచు అతని మోకాలికి తగిలింది. చెయ్యి చాపితే అందుతుంది. మామ్మ చెప్పిన మాట అతను విన్నాడు, ఆ పిల్లా విన్నది. ఆఫీసులో కుర్చీ పడేసి లేచింది తానే. అదంతా అతనికి ఆ క్షణాన స్పష్టంగా జ్ఞాపకం వచ్చింది. ముందు వరసల్లోని మగవాళ్ళందరూ తన వైపే చూస్తున్నారని కూడా తెలిసింది. ఛాతీలో రెండో కిటికీ మూసుకుంది. చేతిలో సన్నాయి ఉంది కదా, చెయ్యి ఖాళీ లేదు కదా అనుకున్నాడు.

హైమ కమిషనరుగారి సీసానే తీసుకుంది. పారమ్మ తల తిప్పుకోబోయింది. పిల్ల ఒక చేత్తో ఆమె గడ్డం పట్టుకుని, రెండో చేత్తో పోసింది. సుయ్యిమని ఆవిరి లేచింది. వేదిక మీద కాసేపు ఏమీ కనబడలేదు. అది విడిపోయాక పారమ్మ నోరు మామూలు ముసలి నోరయింది, మసిబారి, ఖాళీగా. ఆమె మనవరాలి వైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది.

“దీనికోసమేటిరా ఇన్నాల్లూ మోసినాను?” అంది.

“ఇష్టపూర్వకంగా పుచ్చుకుంది” అని నీరజాక్షి గారు మైకులో ప్రకటించింది. మైకు సరిచేసుకుంది. “చిన్న వయసు, బాగా సర్దుకుంటుంది.”

ముందు వరసల్లోంచి ఊపిరి వదిలిన చప్పుడు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. మూసుకున్న కిటికీలు రెండూ జోగులు ఛాతీలో బార్లా తెరుచుకున్నాయి.

హైమ వేదిక మధ్యలో సీసా పట్టుకుని నిలబడి ఉంది. ఆశ్చర్యంగా తన గుండె మీద అరచెయ్యి పెట్టుకుంది. భుజాలు ఒకసారి పైకి లేచాయి. నోరు తెరుచుకోబోతోంది. ఆ రాబోయేది ఎవరి దగ్గో మండపంలో తెలియనివాళ్ళు లేరు. కమిషనరుగారు చెయ్యెత్తారు, అచ్చం పురోహితుడిలాగే. ఎల్లాజీ పుల్ల గాలిలోకి లేపి బావ వైపు చూశాడు. అతని కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

జోగులు సన్నాయి పెదాలకు ఆనించాడు.

అంత గట్టిమేళం గెడ్డవానిపాలెం అంతకుముందు వినలేదు. అతని ఊపిరి ఒక్కచోట కూడా తెగలేదు. అశుభమేదీ ఎవరి చెవినా పడలేదు.